వాదన ఒకరిది, మందు ఇంకొకరిది

ముట్లుడిగే వయసు గురించి అమెరికాలో ఇద్దరు మగ డాక్టర్లు ముప్పై ఏళ్ళ తేడాతో రెండు పుస్తకాలు రాశారు. మొదటిది 1966లో వచ్చిన 'ఫెమినిన్ ఫరెవర్'. రాసినాయన బ్రూక్లిన్‌లో గైనకాలజిస్టు రాబర్ట్ విల్సన్. రెండోది 1996 నాటి 'వాట్ యువర్ డాక్టర్ మే నాట్ టెల్ యూ అబౌట్ మెనోపాజ్'. దీన్ని కాలిఫోర్నియాలోని మిల్ వ్యాలీ అనే చిన్న ఊళ్ళో ఫ్యామిలీ డాక్టరుగా పనిచేసిన జాన్ లీ, వర్జీనియా హాప్కిన్స్‌తో కలిసి రాశాడు. విల్సన్ ఈస్ట్రోజన్ మాత్రను ఇంటింటికీ చేర్చాడు. లీ ప్రొజెస్టెరాన్ క్రీమును చేర్చాడు. చీటీ లేకుండా షాపులో కొనుక్కుని, చేతులకీ మెడకీ రాసుకునే క్రీము అది.

లీ అభిమానులు ఆయన పుస్తకాన్ని విల్సన్ మీద తిరుగుబాటుగా చెప్పుకుంటారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఆ మాట సగమే నిలుస్తుంది. నా తీర్పు ముందే చెప్పేస్తాను. విల్సన్ వాదన కుళ్ళిపోయింది, కానీ ఆయన మందు పనిచేస్తుంది. లీ వాదనలో చాలా భాగం గట్టిది, ఆయన క్రీము మాత్రం తేలిపోయింది. మంచి వాదన చేసినవాడి మందు కూడా మంచిదై ఉంటుందని పాఠకులు సులువుగా నమ్మేస్తారు. లీ క్రీము ఇన్నేళ్ళుగా అమ్ముడుపోవడానికి సగం కారణం అదే.

విల్సన్ దృష్టిలో మెనోపాజ్ ఒక లోటు రోగం. షుగరు రోగికి ఇన్సులిన్ ఎలాగో, యాభై దాటిన ఆడదానికి ఈస్ట్రోజన్ అలాగ. 1963లో భార్య థెల్మాతో కలిసి ఓ వైద్య పత్రికలో రాసిన వ్యాసానికి పెట్టిన పేరులోనే, యవ్వనం నుంచి సమాధి దాకా ఈస్ట్రోజన్ తగ్గకుండా చూడాలని విన్నవించుకున్నాడు. పుస్తకానికొచ్చేసరికి ఆ విన్నపం కాస్తా బెదిరింపయింది. ముట్లుడిగిన ఆడదాన్ని ఆయన వర్ణించే తీరు చూస్తే ఒళ్ళు మండుతుంది: ఎండిపోయినది, మొగుడి ప్రాణం తీసేది, ఇంటికి దండగ.

ఆ పుస్తకంలో ఒక కథ ఉంది. బ్రూక్లిన్‌లో ఓ రౌడీ ముఠా మనిషి డాక్టరు దగ్గరికొచ్చి, భార్య పోరు పడలేకపోతున్నాననీ, ఆమెను బాగుచేయకపోతే చంపేస్తాననీ తుపాకీ చూపించి మరీ చెబుతాడు. విల్సన్ ఆమెకు ఈస్ట్రోజన్ ఇస్తాడు, ఆమె నెమ్మదిస్తుంది, కాపురం నిలబడుతుంది. తుపాకీ పట్టుకొచ్చినవాడికి ఏ వైద్యం చెయ్యాలో అన్న ఆలోచన ఆ పేజీలో ఎక్కడా రాదు. జబ్బు ఆవిడదే. పుస్తకం ఎవరితో మాట్లాడుతోందో ఈ ఒక్క కథతో తెలిసిపోతుంది. అట్ట మీద ఆడవాళ్ళ పేరుంది, లోపల సంభాషణ మొగుళ్ళతో.

లీ గొంతు వేరు. ఆయన నేరుగా ఆవిడతోనే మాట్లాడతాడు. నీకు నిద్ర పట్టడం లేదంటే డాక్టరు నిద్రమాత్ర రాశాడు, చిరాకంటే ఇంకో మాత్ర రాశాడు, నువ్వు చెప్పింది పూర్తిగా వినలేదు, నేను వింటాను కూర్చో అంటాడు. 1990ల్లో అమెరికా ఆడవాళ్ళకు ఆ గొంతు ఎంత ఊరటనిచ్చి ఉంటుందో ఊహించవచ్చు. డాక్టరు కళ్ళు చీటీ మీద నుంచి లేవకముందే బయటికి వచ్చేయాల్సిన అనుభవం మనకు మాత్రం లేదా! వచనంగా చూస్తే లీ పుస్తకం ఎన్నో మెట్లు పైన ఉంటుంది.

అయితే అచ్చు మాత్రం పాతదే. విల్సన్ 'ఈస్ట్రోజన్ లోటు' అన్నచోట లీ 'ఈస్ట్రోజన్ డామినెన్స్' అన్నాడు. అంటే ఈస్ట్రోజన్ పెత్తనం. ముట్లుడిగే ముందు కొన్నేళ్ళు అండం విడుదల కాని నెలలు ఎక్కువవుతాయి, అండం విడుదల కాకపోతే ప్రొజెస్టెరాన్ తయారు కాదు, కాబట్టి ఈస్ట్రోజన్‌కు ఎదురుండదు అంటాడు. ఇంతవరకూ శరీరశాస్త్రం ఒప్పుకునే మాటే. ఆ తర్వాతే చిక్కు. ఆ పెత్తనానికి గుర్తులుగా ఇచ్చిన జాబితాలో నడుము చుట్టూ ఒళ్ళు రావడం, కడుపుబ్బరం, తలనొప్పి, చిరాకు, రొమ్ముల్లో నొప్పి, గడ్డలు, మతిమరుపు, కోరిక తగ్గడం, నిద్రపట్టకపోవడం, అలసట అన్నీ ఉంటాయి. నలభై ఐదేళ్ళ గృహిణి, ఉద్యోగం చేసే ఆవిడైతే మరీనూ, ఈ జాబితాలో తనను తాను చూసుకోకుండా ఉండలేదు. ఎవరి అలసట థైరాయిడ్‌ది, ఎవరిది రక్తహీనతది, ఎవరిది అత్తగారి మంచం పక్కన రాత్రుళ్ళు మేల్కొన్నది అని జాబితా అడగదు. వారఫలాల్లో కనిపించే నేర్పే ఇందులోనూ ఉంది. ఎవరు చదివినా తమ గురించే అనిపిస్తుంది.

సాక్ష్యం చూపించే పద్ధతిలో ఇద్దరూ కవలలు. 1962లో విల్సన్ అమెరికా వైద్య సంఘం పత్రికలో 304 మంది పేషెంట్ల లెక్క ప్రచురించాడు. 40 నుంచి 70 ఏళ్ళ ఆడవాళ్ళు, కొందరు 27 ఏళ్ళ దాకా ఈస్ట్రోజన్ వాడినవాళ్ళు. మామూలుగా వాళ్ళలో 18 మందికి రొమ్ము క్యాన్సరో గర్భాశయ క్యాన్సరో రావాలి, ఒక్కరికీ రాలేదు అన్నాడు. 1990లో లీ తన పేషెంట్లు 100 మంది లెక్క చెప్పాడు. క్రీము రాసుకున్న వాళ్ళలో 63 మందికి వెన్నుపూసల ఎముక సాంద్రత కొలిస్తే మూడేళ్ళలో సగటున 15.4 శాతం పెరిగిందన్నాడు. గుల్లబారిన ఎముక మళ్ళీ గట్టిపడిందనడం చిన్న మాట కాదు. కానీ ఆ ఆడవాళ్ళకు క్రీముతో పాటు క్యాల్షియం, విటమిన్లు, ఆహార నియమాలు, వ్యాయామం, కొందరికి ఈస్ట్రోజన్ కూడా ఇచ్చాడు. ఏది ఎముకను గట్టిపరిచిందో ఎలా తేలుతుంది? ఇద్దరి లెక్కల్లోనూ మందు తీసుకోని వాళ్ళ గుంపు లేదు. తన దగ్గరికొచ్చిన వాళ్ళను తనే చూసి, తనే కొలిచి, తనే సంతోషించాడు విల్సన్. లీ కూడా అంతే.

ఇప్పుడు లీ క్రీము డబ్బా దగ్గరికొద్దాం. లీ కోరిన రకం క్రీము రెండు ఔన్సుల డబ్బాలో, అంటే 57 గ్రాములలో, సుమారు 960 మిల్లీగ్రాముల ప్రొజెస్టెరాన్ ఉంటుంది. పావు టీస్పూను తీస్తే 20 మిల్లీగ్రాములు. ముట్లుడిగినవాళ్ళు క్యాలెండరు నెలలో మూడు వారాల పైచిలుకు రాసుకుని మిగతా రోజులు ఆపాలి. ఇంకా నెలసరి వస్తున్నవాళ్ళు 12వ రోజు నుంచి 26వ రోజు దాకా రాసుకోవాలి. ఒకే చోట కాకుండా ఈ రోజు అరచేతులకు, రేపు మెడకు, ఎల్లుండి మోచేతి లోపలి వైపు, ఇలా చోటు మార్చాలి. చర్మం పల్చగా ఉండి రక్తనాళాలు పైకున్న చోట్లయితే మందు బాగా ఒంటబడుతుందని కారణం. పుస్తకంలో ఈ భాగం ఎంత ఒద్దికగా ఉంటుందంటే, చదివినవాళ్ళకు తమ ఒంటి వైద్యం తమ చేతిలోకి వచ్చేసినట్టుంటుంది. విల్సన్ పేషెంటు మాత్ర మింగి ఊరుకోవాలి. లీ పేషెంటుకు ఓ పని దొరికింది, ఓ క్రమం దొరికింది. ఆ క్రమమే కొంత మేలు చేసి ఉంటుందని నాకు అనుమానం.

ఆ అనుమానం తీర్చడానికి ఒకటే దారి. సగం మందికి అసలు క్రీము, సగం మందికి అచ్చం అలాగే ఉండే ఉత్త క్రీము ఇచ్చి, ఎవరికేది ఇచ్చారో చెప్పకుండా చూడాలి. 1999లో అమెరికాలో లియొనెట్టి, ఆయన సహచరులు 102 మంది మీద ఏడాది పాటు అలాగే చూశారు. మోతాదు లీ చెప్పిన 20 మిల్లీగ్రాములే. ఎముకల విషయంలో రెండు గుంపులకూ తేడా లేదు. 15.4 శాతం పెరుగుదల అక్కడికి తేలిపోయింది. వేడి ఆవిర్ల దగ్గర మాత్రం లీకి అనుకూలంగా వచ్చింది: అసలు క్రీము వాడిన 30 మందిలో 25 మందికి తగ్గాయి, ఉత్త క్రీము వాడిన 26 మందిలో ఐదుగురికే. అభిమానులు ఇప్పటికీ ఎత్తి చూపే అంకె ఇదే, చూపడంలో తప్పు లేదు. అయితే 2003లో ఆస్ట్రేలియాలో బారీ రెన్ బృందం 80 మందికి రోజుకు 32 మిల్లీగ్రాముల చొప్పున 12 వారాలు ఇస్తే ఆవిర్లలో కానీ, మూడ్‌లో కానీ, ఎముకల పరీక్షల్లో కానీ తేడా రాలేదు. 2009లో బ్రిటన్‌లో 223 మందిని తీసుకుని 5 నుంచి 60 మిల్లీగ్రాముల దాకా నాలుగు మోతాదుల్లో 24 వారాలు చూశారు. అక్కడా ఉత్త క్రీముకూ అసలు క్రీముకూ తేడా కనబడలేదు. ఒకటి అవునంది, రెండు కాదన్నాయి. కాదన్న వాటిలో ఒకటి అన్నిటికంటే పెద్దది. క్రీము రాసుకుని కుదుటపడ్డ ఆవిడ అబద్ధం చెబుతోందని దీనర్థం కాదు. ఉత్త క్రీము రాసుకున్నవాళ్ళలోనూ కొందరు కుదుటపడ్డారు, అంతే.

దీనికి లీ వర్గం దగ్గర సమాధానం లేకపోలేదు. మింగిన ప్రొజెస్టెరాన్‌లో ఎక్కువ భాగం కాలేయం దగ్గరే ఖర్చయిపోతుంది, చర్మం ద్వారా అయితే ఆ బాధ లేదు, కాబట్టి 20 మిల్లీగ్రాములు చాలు అంటారు. వినడానికి సబబుగానే ఉంది. కానీ 1998లో లండన్ పరిశోధకులు క్రీము వాడిన ఆడవాళ్ళ రక్తం పరీక్షించి లాన్సెట్‌లో రాసినప్పుడు హార్మోను స్థాయి నామమాత్రంగానే ఉంది. అప్పుడు వాదన మారింది: ప్రొజెస్టెరాన్ ఎర్ర రక్తకణాలకు అంటుకుని తిరుగుతుంది, సీరమ్‌లో వెతికితే దొరకదు, లాలాజలంలో చూడండి అన్నారు. లాలాజలంలో చూస్తే నిజంగానే అంకెలు ఆకాశాన్నంటాయి. 2002లో న్యూజిలాండ్ పరిశోధకులు ఆ ఎర్ర కణాలనే తీసి కొలిచారు. అక్కడా పెద్దగా ఏమీ లేదు. లాలాజలం అంకెలేమో మనిషికో రకంగా, పూటకో రకంగా ఎగిరి పడుతున్నాయి. రక్తంలో లేనిది ఉమ్మిలో అంత ఎలా ఉంటుందన్న ప్రశ్న అలాగే ఉంది. పరీక్ష తనకు వ్యతిరేకంగా వస్తే పరీక్షనే మార్చమనడం విమర్శకులమైన మాకు బాగా తెలిసిన ఎత్తు. వైద్యంలో అది ఖరీదైన ఎత్తు.

'నేచురల్' అన్న మాట చుట్టూ జరిగిన వ్యాపారం గురించి ఎక్కువ చెప్పను. 1940ల్లో రసెల్ మార్కర్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త మెక్సికో అడవి దుంపల్లోని డయోస్‌జెనిన్ నుంచి ప్రొజెస్టెరాన్ తయారుచేసే దారి కనిపెట్టాడు. 1944లో మెక్సికో సిటీలో సింటెక్స్ కంపెనీ పుట్టింది అందుకే. దుంప నుంచి హార్మోను రావాలంటే ఫ్యాక్టరీలో రసాయన చర్యలు జరగాలి. ఉత్త దుంప రసం కలిపిన క్రీము రాసుకుంటే ఒంట్లో ఆ పని జరగదు. షాపుల్లో రెండు రకాలూ పక్కపక్కనే ఉంటాయి, పేర్లూ దగ్గరదగ్గరగా ఉంటాయి. ఏ క్రీములో ఎంత ప్రొజెస్టెరాన్ ఉందో చూసుకుని కొనమని లీ స్వయంగా హెచ్చరించాడు, అది ఆయన నిజాయితీ. ఇక ప్రకృతి అంటారా, విల్సన్ కాలపు ప్రసిద్ధ మాత్ర ప్రీమారిన్ 1942 నుంచీ చూలు గుర్రాల మూత్రంలోంచి తీస్తున్నదే. ఫ్యాక్టరీ మెట్లు లెక్కపెడితే అదే ఎక్కువ నేచురల్!

లీ గెలిచిన చోటు ఒకటుంది. అది చిన్న గెలుపు కాదు. ఒంట్లో పుట్టే ప్రొజెస్టెరాన్ వేరు, దాని పని కొంత చేసేలా ల్యాబులో మార్చి తయారుచేసిన ప్రొజెస్టిన్లు వేరు, రెండిటినీ ఒకే గాటన కట్టకండని ఆయన పేజీల కొద్దీ మొత్తుకున్నాడు. 1990ల డాక్టర్లలో చాలామంది ఈ తేడా పట్టించుకోలేదు. 1995లో పెపి అనే అమెరికన్ ట్రయల్‌లో, 875 మంది మీద, మంచి కొలెస్ట్రాల్ విషయంలో అసలు ప్రొజెస్టెరాన్ ప్రొజెస్టిన్ కంటే మేలనిపించుకుంది. 2002 జూలైలో విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అధ్యయనాన్ని సగంలో ఆపేశారు. 16,608 మందిలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ కలిపి తీసుకున్నవాళ్ళకు ప్రతి పదివేల మందికీ ఏడాదికి 8 రొమ్ము క్యాన్సర్లు, 8 పక్షవాతాలు, 7 గుండె జబ్బులు అదనంగా వచ్చాయి. విల్సన్ కట్టిన కోట ఆ నెలలో కూలింది. 2008లో ఫ్రాన్స్‌లోని పెద్ద అధ్యయనం ఒకటి ఈస్ట్రోజన్‌తో అసలు ప్రొజెస్టెరాన్ వాడినవాళ్ళలో రొమ్ము క్యాన్సరు పెరగలేదనీ, వేరే ప్రొజెస్టిన్లు వాడినవాళ్ళలో పెరిగిందనీ తేల్చింది. లీ 2003లో చనిపోయాడు, ఇది చూడలేదు.

ఆ గెలుపు ఆయన క్రీముకు దక్కలేదన్నదే విచిత్రం. పెపిలో వాడింది మింగే మందు, నెలలో 12 రోజులు 200 మిల్లీగ్రాముల చొప్పున. ఆవిర్లు తగ్గించిన ప్రొజెస్టెరాన్ కూడా ఉంది. 2012లో కెనడాలో జెరిలిన్ ప్రయర్ బృందం 133 మందితో చేసిన ట్రయల్‌లో అది ఉత్త మాత్ర కంటే బాగా పనిచేసింది. అదీ రాత్రిపూట మింగే 300 మిల్లీగ్రాములే. మన దగ్గర కూడా గర్భిణులకు డాక్టర్లు తరచుగా రాసే మైక్రోనైజ్డ్ ప్రొజెస్టెరాన్ ఇదే జాతిది. ఇక లీ సిద్ధాంతంలో ప్రధానమైన ముక్క, ఎదురులేని ఈస్ట్రోజనే రొమ్ము క్యాన్సరుకు మూలమన్నది, అదే ఇనీషియేటివ్ రెండో విభాగంలో దెబ్బతింది. గర్భసంచి లేని 10,739 మందిలో ఈస్ట్రోజన్ ఒక్కటే తీసుకున్నవాళ్ళకు పక్షవాతం పెరిగిందని 2004లో అదీ ఆపేశారు. రొమ్ము క్యాన్సరు మాత్రం పెరగలేదు. తర్వాతి ఏళ్ళ లెక్కల్లో తగ్గింది కూడా.

క్రీము పనిచేయకపోతే పోయింది, రాసుకుంటే నష్టమేమిటని అడిగేవాళ్ళుంటారు. ఒంటరిగా రాసుకుంటే పోయేది చాలావరకు డబ్బే. ఈస్ట్రోజన్‌తో జోడీగా రాసుకున్నప్పుడు అసలు ప్రమాదం ఉంది. గర్భసంచి ఉన్న మనిషికి ఈస్ట్రోజన్ ఒక్కటే ఇస్తే లోపలి పొర పెరుగుతూ పోతుంది. 1975 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన రెండు పత్రాలు ఈస్ట్రోజన్ వాడినవాళ్ళలో గర్భాశయ క్యాన్సరు ప్రమాదం ఒకటి 4.5 రెట్లు, ఇంకొకటి 7.6 రెట్లు అని చెప్పాయి. పొరను అదుపులో పెట్టడానికే ప్రొజెస్టెరాన్ తోడు కావాలి. ఆ పని ఈ క్రీము చేస్తుందని నమ్ముకుంటే? 2005లో బ్రిటన్‌లో 54 మందికి ఈస్ట్రోజన్‌తో పాటు రోజుకు 40 మిల్లీగ్రాముల క్రీము ఇచ్చి చూశారు, పొరను కాపాడడానికి అది చాలలేదు. విల్సన్ మందు బలంతో చేసిన హాని లీ మందు బలహీనతతో జరుగుతుంది. బ్రిటన్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ ఈ క్రీముకు డాక్టరు చీటీ కావాలి. అమెరికాలో మాత్రం ముఖానికి రాసుకునే క్రీముల వరసలోనే అమ్ముతారు. అక్కడున్న మన తెలుగు ఆడవాళ్ళకు హెల్త్‌ఫుడ్ షాపులోనో ఆన్‌లైన్‌లోనో చెయ్యి చాస్తే అందుతుంది. ఈస్ట్రోజన్ పట్టీ వాడుతూ పక్కన ఇది రాసుకునేవాళ్ళు ఆ సంగతి డాక్టరుతో చెప్పి తీరాలి. మళ్ళీ రక్తస్రావం కనిపిస్తే ఒక్క వారం కూడా ఆగకూడదు.

డబ్బు సంగతి. 2002లో విల్సన్ కొడుకు, తండ్రి పుస్తకం ఖర్చులు ప్రీమారిన్ తయారుచేసే వైయెత్ కంపెనీ భరించిందని బయటపెట్టాడు. లీ మీద అలాంటి మచ్చ లేదు. అయితే 2002లో రొమ్ము క్యాన్సరు మీద లీ రాసిన పుస్తకానికి సహరచయిత డేవిడ్ జావా లాలాజల పరీక్షల ల్యాబు పెట్టినాయన. రెండూ ఒకటేనని అనను. ఒకటి దాచిన బంధం, ఇంకొకటి అట్ట మీదే ఉన్న పేరు. కానీ విల్సన్ విషయంలో కనుబొమలెత్తిన పాఠకుడు లీ దగ్గర కూడా ఓసారి ఎత్తాలి.

ఈ రెండు పుస్తకాలనూ మన వైపు నుంచి చదివితే ఇంకో పేషెంటు గుర్తొస్తుంది. ఇద్దరూ తమ వాదనంతా ఆవిడ చుట్టూ అల్లలేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ వాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. కొందరికి దాంతో పాటు అండాశయాలూ తీసేస్తారు. అలాంటి ఆవిడకు ఆపరేషనైన మర్నాటి నుంచే మెనోపాజ్, అదీ కూతురి పెళ్ళి వయసు కూడా రాకముందే. ఆమెకు గర్భసంచి లేదు కనుక పొరను కాపాడే ప్రొజెస్టెరాన్ అక్కర్లేదు. ఎముకలూ గుండే చెడిపోకుండా మామూలుగా ముట్లుడిగే వయసు దాకా ఈస్ట్రోజన్ ఇవ్వాలనేదే నేటి వైద్యుల సలహా, రొమ్ము క్యాన్సరు లాంటి అడ్డంకులు లేకపోతే. లీ అయితే గర్భసంచి లేకపోయినా ప్రొజెస్టెరాన్ కావాలంటాడు, ముందు క్రీము డబ్బానే చూపిస్తాడు. ఈస్ట్రోజన్ ఆయన దగ్గర ఆఖరి మాట, అదీ కొద్దిగా. విల్సన్ ఆమెకు ఆ ఈస్ట్రోజన్ ఇచ్చి పంపేవాడు, ఆమె ఎముకల కోసం కాకుండా ఆమె మొగుడి సుఖం కోసం. యాభై వచ్చాక ఆపాలా, కొనసాగించాలా అన్న ప్రశ్నకు మాత్రం రెండు పుస్తకాలూ పనికిరావు. విల్సన్ ఆపనివ్వడు, లీ మొదలే పెట్టనివ్వడు.